ఎనభై దగ్గర ఆగే లాప్‌టాప్‌తో నాలుగేళ్లు

నా పాత లాప్‌టాప్ ఎలా పోయిందో చెబితే గానీ ఇప్పుడున్న దాని సంగతి అర్థం కాదు. అనువాదం నా వృత్తి. విజయవాడలో, మేడ మీది గదిలో పని. పొద్దున ఎనిమిదింటికి బల్ల ముందు కూర్చుంటే లాప్‌టాప్‌ను కదిపే అవసరమే రాదు. చార్జర్ పిన్ను రాత్రింబవళ్లు దానికే ఉండేది. రెండున్నరేళ్లు అలా నూటికి నూరు శాతం చార్జింగ్‌తో గడిచాక, ఒక మే నెలలో టచ్‌ప్యాడ్ నొక్కితే పలకడం మానేసింది. దుమ్ము చేరిందనుకుని బ్రష్షుతో తుడిచాను. వారం తిరిగేసరికి మూత సరిగా పడలేదు. బల్ల మీద పెడితే ఒక మూల లేచి, టైపు చేస్తుంటే టకటకమని ఊగేది. రిపేరు కుర్రాడు అడుగు పలక విప్పి చూపించాడు. అట్టముక్కలా చదునుగా ఉండాల్సిన బ్యాటరీ పూరీలా పొంగి టచ్‌ప్యాడ్‌ను కింది నుంచి తోస్తోంది. "ఇలా ఉన్నప్పుడు చార్జింగ్ పెట్టకూడదండీ" అన్నాడు. నేనేమో ఆ ఉదయం కూడా పెట్టాను.

2021 చివర్లో లెనోవో వాళ్ల థింక్‌ప్యాడ్ లాప్‌టాప్ కొన్నాను. కొన్న రోజే లెనోవో వాంటేజ్ యాప్‌లో పవర్ విభాగం తెరిచి, బ్యాటరీ 75 శాతం కంటే తగ్గితేనే చార్జింగ్ మొదలవ్వాలని, 80 శాతానికి చేరగానే ఆగాలని పెట్టేశాను. అప్పటి నుంచి పిన్ను తీసిన రోజులు తక్కువే.

చాలామంది అనుకునేట్టు ఇది 'ఓవర్ చార్జింగ్' గొడవ కాదు. నిండగానే చార్జింగ్ ఆపే తెలివి ఏ లాప్‌టాప్‌కైనా ఉంటుంది. ఇబ్బందంతా నిండిన స్థితిలోనే నెలల తరబడి ఉండిపోవడంతో. లిథియం అయాన్ సెల్ పూర్తిగా నిండితే మామూలుగా 4.2 వోల్టుల దగ్గర ఉంటుంది. ఆ ఒత్తిడికి వేడి కూడా తోడైతే లోపలి రసాయనాలు కొద్దికొద్దిగా విరిగిపోతూ ఉంటాయి, వాయువు పుడుతుంది. పూరీ పొంగేది అందుకే. ఎనభై దగ్గర ఆపితే వోల్టేజి కాస్త తగ్గుతుంది, ఆ కాస్తతోనే సెల్‌కు ఊపిరి ఆడుతుంది. ఆగాక లాప్‌టాప్ నేరుగా అడాప్టర్ కరెంటుతోనే నడుస్తుంది, బ్యాటరీ ఊరికే కూర్చుంటుంది.

దీన్ని ఇంట్లోవాళ్లకు అర్థమయ్యేలా చెప్పడమే కష్టం. 'ప్లగ్ పెట్టి ఉంది, చార్జింగ్ అవడం లేదు' అని తెర మీద కనిపించినప్పుడల్లా అమ్మ కంగారుపడుతుంది. ఒకసారి నేను ఊళ్లో లేనప్పుడు పక్కింటి అబ్బాయిని పిలిపించి స్విచ్ బోర్డు కూడా విప్పించింది.

ఇక లెక్కలు. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి 'పవర్‌సీఎఫ్‌జీ' అనే కమాండ్‌తో బ్యాటరీ రిపోర్ట్ తీయవచ్చు. కొత్తలో ఎంత పట్టేది, ఇప్పుడు నిండితే ఎంత పడుతోంది అన్నది అందులో పక్కపక్కనే ఉంటుంది. నాది కొత్తలో 50 వాట్ అవర్లు (బ్యాటరీలో ఎంత కరెంటు పడుతుందో చెప్పే కొలత), నాలుగేళ్ల తర్వాత 45. నా తమ్ముడు హైదరాబాదులో అదే మోడల్‌ను అదే నెలలో కొన్నాడు, పరిమితి ఏదీ పెట్టుకోలేదు. వాడిది 36కి దిగింది. ఇదంతా ఎనభై మహిమే అని మాత్రం చెప్పను. వాడు లాప్‌టాప్‌ను పరుపు మీద పెట్టుకుని, గాలి కన్నాలు దుప్పటిలో కూరి, రాత్రంతా వీడియోలు ఎడిట్ చేస్తాడు. వేడి వాటా ఎంతో, నిండు చార్జింగ్ వాటా ఎంతో విడదీసి చూపడం నా వల్ల కాదు. నేనైతే లాప్‌టాప్ కింద నాలుగు సీసా మూతలు అతికించి ఎత్తు పెంచాను. ఫ్యాను మోత సగమైంది.

ఆ రిపోర్ట్ అంకెలను మరీ నమ్మకండి. రెండో ఏడాది చివర్లో నాది ఉన్నట్టుండి 46 నుంచి 41కి పడిపోయింది, గుండె జారింది. తీరా చూస్తే బ్యాటరీకి ఏమీ కాలేదు. నెలల తరబడి 75, 80 మధ్యే ఉండటంతో దాని కొలత దారి తప్పింది. ఒక ఆదివారం నూరు దాకా నింపి, పది శాతం దాకా దించి, మళ్లీ నింపితే 46కి దగ్గరగా వచ్చింది. ఇప్పుడు మూడు నాలుగు నెలలకోసారి అలా చేస్తున్నాను. అంతకంటే ఎక్కువసార్లు చేస్తే మనం కాపాడుకుంటున్న దాన్ని మనమే అరగదీసినట్టు.

మధ్యలో అత్యాశకు పోయి ఒక వేసవిలో చార్జింగ్ పరిమితిని 60కి దించి చూశాను. నా పనికి గంటకు సుమారు 12 వాట్ అవర్లు ఖర్చు. 60 శాతం అంటే రెండుంపావు గంటలు. ఈదురుగాలికి చెట్టు విరిగి తీగల మీద పడిన రోజున మూడు గంటలు కరెంటు లేదు, అనువాదం గడువు సాయంత్రమే. మర్నాడే మళ్లీ 80కి మార్చాను. ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నవాళ్లకు 60 సరిపోవచ్చు. మాకు లేదు.

నచ్చనిది ఒకటుంది. ప్రయాణానికి ముందు నూరు దాకా నింపాలంటే యాప్‌లోకి వెళ్లి పరిమితి తీసేయాలి, ఇంటికొచ్చాక గుర్తుంచుకుని మళ్లీ పెట్టాలి. తిరుపతి వెళ్లొచ్చాక నాకు గుర్తొచ్చింది ఇరవై రోజులకు. ఏసస్, డెల్ వంటి వాటిలోనూ ఇలాంటి ఏర్పాటు ఉంది, పేర్లే వేరు. కొన్నింటిలో బయోస్‌లోకి, అంటే విండోస్ మొదలవ్వకముందే తెరుచుకునే సెట్టింగ్‌లలోకి, వెళ్లాలి. లినక్స్ వాడేవాళ్లు థింక్‌ప్యాడ్‌లో టీఎల్‌పీ అనే ప్రోగ్రామ్‌తో ఇదే పని చేసుకోవచ్చు.

మొన్న సంక్రాంతికి తమ్ముడు వచ్చినప్పుడు నా రిపోర్ట్ చూసి, "అక్కా, నాది కూడా అలా చేసిపెట్టు" అన్నాడు. పెట్టాను. పోయిన 14 వాట్ అవర్లు తిరిగి రావని ముందే చెప్పాను. సీసా మూతలు కూడా నాలుగు ఇచ్చి పంపాను.