మోటారు లేని మోవర్‌తో ఏడు వానాకాలాలు

మా ఇల్లు పర్లాకిమిడిలో, ఆంధ్రా సరిహద్దున ఉన్న ఒడిశా ఊరు. ఇంటి ముందు ముప్పై అడుగుల పొడవు, ఇరవై అడుగుల వెడల్పున గరిక లాన్ ఉంది. సెంటున్నర కూడా లేని ఈ జాగాకు మోవర్, అంటే గడ్డి కోసే యంత్రం, ఎందుకని మా అత్తగారు ఇప్పటికీ అడుగుతారు. ఆవిడ లెక్కలో ఒక కొడవలి, ఒక పూట కూలి చాలు. ఆ లెక్క తప్పని అనను. కాకపోతే వరి నాట్లు మొదలైతే మా ఊళ్లో కొడవలి పట్టే మనిషి దొరకడు, గరిక విరగబడి పెరిగేదీ సరిగ్గా అప్పుడే.

2016లో మొదట కొన్నది కరెంటుతో నడిచే రోటరీ మోవర్. 1,200 వాట్ల మోటారు, దాని కింద ఫ్యాను రెక్కలా గిర్రున తిరిగే ఒకే కత్తి. జానెడు గడ్డినైనా నరికేసేది. ఆ ఒక్క గుణానికి ఇప్పటికీ మార్కులు వేస్తాను. మిగతాదంతా తీగతో తిప్పలే. వరండాలోని ప్లగ్గు నుంచి లాగిన సన్నని తీగ పది నిమిషాలకే వేడెక్కేది. సాయంత్రం వోల్టేజి పడిపోతే మోటారు మూలిగేది. జామచెట్టు చుట్టూ తిరిగినప్పుడల్లా తీగ కత్తి కిందకు రాకుండా మా వారు వెనకే నిలబడి ఎత్తి పట్టుకునేవారు. తడి గడ్డి యంత్రం లోపలివైపు పేడముద్దలా అతుక్కునేది. ఇలాంటిదే కొనదలచినవారు తీగ మందం ముందు చూసుకోండి. 30 మిల్లీయాంపుల లీకేజీకే ఆగిపోయే బ్రేకరు పెట్టించుకోండి. ప్లగ్గు పీకకుండా కత్తి దగ్గర చెయ్యి పెట్టకండి.

రెండో ఏడు దాని స్విచ్ పోయింది. కంపెనీకి ఫోను చేస్తే, మీ పిన్ కోడ్ ఒడిశాది కాబట్టి భువనేశ్వర్‌లో అడగమన్నారు. భువనేశ్వర్ వాళ్లేమో మీకు విశాఖపట్నం దగ్గర కదా అన్నారు. 1936లో ఈ సరిహద్దు గీత గీసినవాళ్లకు మోవర్ స్విచ్ సంగతి తోచి ఉండదు. నెలన్నర చూసి ఆ యంత్రాన్ని మెట్ల కిందకు తోశాం.

2018 జూన్‌లో, అసలు మోటారే లేని, చేత్తో తోసే రీల్ మోవర్ తెచ్చుకున్నాం. ఉన్ని బట్ట మీది నూగు కత్తిరించే మిల్లు యంత్రాన్ని చూసి 1830లో ఇంగ్లండులో ఎడ్విన్ బడ్డింగ్ తయారు చేసిన మోవర్ సూత్రమే ఇందులోనూ. చక్రాలు తిరుగుతుంటే మెలి తిరిగిన ఐదు కత్తులు డోలులా దొర్లుతూ, కింద కదలకుండా ఉన్న ఉక్కు బద్దకు రాసుకుంటూ గడ్డిని కత్తెరలా కత్తిరిస్తాయి. రోటరీ కత్తి కాస్త మొద్దుబారితే గడ్డి కొసలను చీల్చేస్తుంది, రెండు రోజుల్లో లాన్ గోధుమ రంగుకు తిరుగుతుంది. ఈ రీలు కోసిన చోట ఆ మచ్చ ఉండదు. బరువు ఎనిమిది కిలోలు, ఒక్కో వరుసకు ముప్పై సెంటీమీటర్ల కోత, మొత్తం పని ఇరవై నిమిషాలు. చప్పుడు కుట్టుమిషను కన్నా కాస్త ఎక్కువ. ఆదివారం పొద్దున్నే ఆరింటికి తోసినా పక్కింటి ఒడియా మాస్టారు ఒక్కసారీ కిటికీ మూయలేదు.

ఇక దీని పొగరు సంగతి. గడ్డి బెత్తెడు దాటిందంటే కోయదు, వంచి మీద నుంచి వెళ్లిపోతుంది. వెనక్కి తిరిగి చూస్తే అదే గడ్డి మళ్లీ లేచి నిలబడి ఉంటుంది. తుంగ కాడలూ గరిక కంకులూ దీనికి లొంగవు. అందుకే వానాకాలమంతా నాలుగైదు రోజులకొకసారి తోయాల్సిందే. సంక్రాంతి దాటాక నెలకొకసారి చాలు. 2019 ఆగస్టులో పెళ్లికని విజయనగరం వెళ్లి పదిహేను రోజులకు తిరిగొచ్చేసరికి యంత్రం అడుగు కూడా పెట్టలేని స్థితి. అత్తగారు ఏమీ అనలేదు, కొడవలి ఎక్కడుందో మాత్రం చూపించారు.

పుల్లలన్నా దీనికి పడదు. తిత్లీ తుపానుకు జామకొమ్మలు విరిగి లాన్ నిండా పడ్డాయి. అన్నీ ఏరామనుకున్నాం. గడ్డిలో దాగిన ఒక పుల్ల కత్తుల మధ్య ఇరుక్కుని ఒక అంచు వంగింది. మా వారు ఆకురాయితో సరిచేసేదాకా ప్రతి వరుసలోనూ జుట్టు పాయలా కొంత గడ్డి మిగిలిపోయేది.

కత్తులకూ బద్దకూ మధ్య ఎడమే ఈ యంత్రానికి ప్రాణం. రెండు వైపులా ఉన్న మరలను పావు చుట్టు చొప్పున బిగిస్తూ, మధ్యలో న్యూస్‌పేపరు ముక్క పెట్టి రీలును తిప్పి చూడాలి. కాగితం ఈ చివర నుంచి ఆ చివర దాకా తెగితే సరి. మడత పడితే వదులు, కీచుమంటే బిగువు. వేళ్లు మాత్రం దూరంగా ఉంచండి, మోటారు లేదని కత్తికి కనికరం ఉండదు. మూడేళ్లకొకసారి మోటారు సైకిలు మెకానిక్కులు వాడే వాల్వ్ గ్రైండింగ్ పేస్టు అంచులకు రాసి, రీలును వెనక్కి తిప్పి సాన పడతాం. వానాకాలంలో తుడవకుండా పెడితే తెల్లారేసరికి తుప్పు. కుట్టుమిషను నూనె నాలుగు చుక్కలు చాలు.

పెట్రోలు మోవర్ ఇంత జాగాకు దండగ, దాన్ని వెనక్కి తిప్పుకోవడానికే సగం లాన్ కావాలి. వారానికి రెండుసార్లు తోసే ఓపిక లేనివారికి రోటరీయే నయం, మా ఇంట్లో మటుకు మళ్లీ కొన్నా రీలే కొంటాం.

భాద్రపదం రాకముందే గోడవారగా ఒక బార గరికను కోయకుండా వదిలేస్తాను. వినాయక చవితికి తెలుగువాళ్లు గరికకనీ, ఒడియావాళ్లు దూబకనీ మా గేటు దగ్గరికే వస్తారు. పండగ అయ్యాక ఆ బారను కోసేది మాత్రం అత్తగారి కొడవలే.

ఈ ఏడు వెనక రోలరు ఇరుసుకు తొడిగే చిన్న గొట్టం, బుష్, అరిగింది. ఈసారి ఎవరికీ ఫోను చేయలేదు. సైకిలు షాపతను నైలాన్ ముక్క చెక్కి వేశాడు, నెల రోజులుగా బాగానే తిరుగుతోంది.