శంషాబాద్‌లో రాత్రి దిగితే పుష్పక్ ఎక్కాలా? చాందా, బల్లార్షా వాళ్ళ లెక్క

మహారాష్ట్రలోని చంద్రపూర్ (చాందా), బల్లార్షా, రాజురా, సిరొంచ వైపు తెలుగువాళ్ళకు విదేశీ ప్రయాణమంటే ఎక్కువగా హైదరాబాద్ మీదుగానే. నాగ్‌పూర్ ఎయిర్‌పోర్టు దగ్గరే అయినా గల్ఫ్ టికెట్లకు, మాట్లాడే భాషకు శంషాబాదే అలవాటు. చిక్కల్లా మధ్యలో పడే రాత్రితోనే. విమానం రాత్రి పదింటికో పన్నెండింటికో దిగుతుంది, తర్వాతి విమానమో రైలో తెల్లవారాక గానీ ఉండదు. అప్పుడు ఊళ్ళోకి వెళ్ళాలా, వెళ్తే ఆర్టీసీ వాళ్ళ పుష్పక్ బస్సు సరిపోతుందా? మా మాట: సామాను తక్కువైతే, చేతిలో తొమ్మిది గంటలుంటే పుష్పక్‌ను మించింది లేదు. ఏడు గంటలే ఉంటే అసలు సికింద్రాబాద్ పేరే ఎత్తకండి.

లెక్క ఇలా వేయాలి. గల్ఫ్ విమానం 11కు దిగిందనుకోండి. ఇమిగ్రేషన్, సామాను బెల్టు దగ్గర ఎదురుచూపు, కస్టమ్స్ కలిపి గంట, గంటన్నర. టికెట్ ఒకటే అయినా విదేశం నుంచి వచ్చి దేశంలోపలి విమానం పట్టుకునేవాళ్ళు సాధారణంగా మొదట దిగిన చోటే పెట్టెలు తీసుకుని కస్టమ్స్ దాటాలి, కాబట్టి "సామాను నాగ్‌పూర్‌లోనే వస్తుందిలే" అనుకుని బయటికి నడవొద్దు. అంటే 12:30కి బయటపడతారు. పొద్దున ఆరింటి విమానమైతే నాలుగుకల్లా తిరిగి గేటు దగ్గర ఉండాలి. మిగిలింది మూడున్నర గంటలు. సికింద్రాబాద్ పోయి రావడానికే రెండు గంటలు పోతే, గది అద్దె గంటన్నర నిద్రకు కట్టినట్టు. ఇలాంటప్పుడు శంషాబాద్ ఊళ్ళో, బెంగళూరు హైవే పక్కనున్న లాడ్జి చాలు. బుక్ చేసేముందు ఫోన్ చేసి టెర్మినల్ నుంచి ఎన్ని కిలోమీటర్లో, రాత్రి బండి పంపుతారో లేదో అడగండి. పేరులో ఎయిర్‌పోర్ట్ అని ఉన్నంత మాత్రాన హోటల్ ఎయిర్‌పోర్టు పక్కన ఉండదు.

ఇక పుష్పక్ సంగతి. ఏసీ బస్సులు, 2019 నుంచి ఎలక్ట్రిక్‌వి కూడా తిరుగుతున్నాయి. అరైవల్స్ నుంచి బయటికొచ్చి ఆర్టీసీ స్టాపు ఎక్కడని అడిగితే ఎవరైనా చూపిస్తారు. రాత్రి కూడా ఉంటాయి, అయితే అర్ధరాత్రి దాటాక బస్సుకూ బస్సుకూ మధ్య ఎడం పెరుగుతుంది. 'గమ్యం' యాప్‌లో బస్సు ఎక్కడుందో కనిపిస్తుంది, బెల్టు దగ్గర నిలబడ్డప్పుడే చూసుకుంటే మేలు.

ఎక్కేముందు బోర్డు చదవడంతో ఆగకుండా ఏ దారిన పోతుందో డ్రైవర్‌ను అడగాలి. ఒక దారి ఆరాంఘర్ దగ్గర పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఫ్లైఓవర్ ఎక్కి 11.6 కిలోమీటర్లు పైపైనే పోయి మెహదీపట్నంలో దిగుతుంది. మధ్యలో అత్తాపూర్‌లో చుట్టాలిల్లు ఉందని ఆపమంటే కుదరదు, గుర్తుకు చెప్పే పిల్లర్ నంబర్లన్నీ కింది రోడ్డువి, బస్సు పైన. రెండో దారి ఎల్బీనగర్, ఉప్పల్ మీదుగా. మన రైళ్ళకు రెండోదే నయం, ఎందుకో చివర్లో చెబుతాం.

మెట్రో ఎయిర్‌పోర్టు దాకా ఇంకా రాలేదు. ఎల్బీనగర్‌లోనో ఉప్పల్‌లోనో దిగి మెట్రో అందుకోవచ్చు, కానీ అది దాదాపు పొద్దున ఆరు నుంచి రాత్రి పదకొండు వరకే. పైగా గల్ఫ్ అట్టపెట్టెలతో స్కానర్ దాటి మెట్లెక్కడం శిక్ష.

ఆడవాళ్ళకు ఒక మాట. తెలంగాణలో ఆడవాళ్ళకు బస్సు ఉచితమని విని ఆధార్ చేతిలో పట్టుకుని ఎక్కేవాళ్ళున్నారు. 2023 డిసెంబర్‌లో మొదలైన ఆ జీరో టికెట్ తెలంగాణ వాసులకే, అదీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ బస్సుల్లోనే. పుష్పక్‌కు వర్తించదు, చాందా చిరునామా ఉన్న ఆధార్‌కు అసలే వర్తించదు. మన మహారాష్ట్ర ఆర్టీసీ (ఎస్టీ) బస్సులో ఆడవాళ్ళకు ఇచ్చే సగం టికెట్ కూడా ఇక్కడ అడగలేం.

క్యాబ్‌తో పోలిస్తే? ఒక్కరైతే పుష్పక్ ఖర్చు బాగా తక్కువ. ముగ్గురు దాటి, మనిషికో పెద్ద పెట్టె ఉంటే తేడా దాదాపు కరిగిపోతుంది, ఇంటి గుమ్మం దాకా పోతారు కూడా. యాప్ క్యాబ్‌తో ఒక చిక్కుంది, అది గల్ఫ్ నుంచి వచ్చేవాళ్ళకే తెలుస్తుంది. రెండేళ్ళు రీఛార్జి లేక ఇండియా సిమ్ చచ్చిపోయి ఉంటుంది. ఎయిర్‌పోర్టు వైఫై కావాలంటే ఓటీపీ, ఓటీపీ కావాలంటే సిమ్. ఇలా ఇరుక్కున్నవాళ్ళకు పనికొచ్చేవి ప్రీపెయిడ్ ట్యాక్సీ కౌంటరూ పుష్పక్ బస్సూ. రెండింటికీ ఫోన్ అక్కర్లేదు. జేబులో కొన్ని రూపాయి నోట్లు మాత్రం ఉండాలి, దిర్హమ్‌లు ఇస్తే బస్సులో చెల్లవు. ట్యాక్సీ ఎక్కితే రసీదు మీదున్న డబ్బే ఇవ్వాలి. గచ్చిబౌలి వైపు ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా పోతే టోల్ అందులో కలిసిందో లేదో కౌంటర్ దగ్గరే తేల్చుకోండి, దిగాక తగువు పడితే మీ పెట్టె డిక్కీలోనే ఉంటుంది.

సికింద్రాబాద్ చేరాక పొద్దుటిదాకా ఎక్కడ? రైలు టికెట్ కన్ఫర్మ్ అయినా, ఆర్‌ఏసీలో ఉన్నా స్టేషన్ రిటైరింగ్ రూమును ఐఆర్‌సీటీసీలో పీఎన్‌ఆర్‌తో ముందే బుక్ చేసుకోవచ్చు. లాడ్జి బేరాల కన్నా ఇదే నిశ్చింత, కాకపోతే దొరకడం కష్టం. క్లోక్‌రూమ్‌లో తాళం వేసిన పెట్టెలే తీసుకుంటారు. టేపు చుట్టిన అట్టపెట్టె వెనక్కి పంపుతారు, కాబట్టి గల్ఫ్‌లోనే ఓ జిప్ బ్యాగు, చిన్న తాళం కొనుక్కుని రండి. స్టేషన్‌లో కట్టడం పనులు నడుస్తున్నాయి, ఆటో ఆగే చోటికీ ప్లాట్‌ఫారానికీ మధ్య నడక పెరిగింది. పావుగంట అదనంగా వేసుకోండి.

ఊరికి రైళ్ళు: పొద్దున్నే తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఉంది. అది అందకపోతే 2024 సెప్టెంబర్‌లో మొదలైన నాగ్‌పూర్ వందే భారత్ మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలో సికింద్రాబాద్ నుంచి బయల్దేరుతుంది, బల్లార్షాలోనూ చంద్రపూర్‌లోనూ ఆగుతుంది. రాత్రి ఒంటిగంటకు దిగినవాళ్ళు హడావిడి పడకుండా పడుకుని లేచి పట్టుకోదగ్గది ఇదే. వారంలో ఒక రోజు నడవదు, టికెట్ కొనేటప్పుడే చూసుకోండి. సిరొంచ, అహేరి వాళ్ళు మంచిర్యాల దాకా పోయి మారడం మామూలే. ఆ వైపు బస్సులు సికింద్రాబాద్‌లోని జూబ్లీ బస్ స్టేషన్ (జేబీఎస్)లో దొరుకుతాయి.

ఉప్పల్ దారి ఎందుకన్నామంటే, 2025 జనవరిలో చర్లపల్లి కొత్త టెర్మినల్ తెరిచాక కొన్ని రైళ్ళు అక్కడికి మారాయి. టికెట్ మీద స్టేషన్ కోడ్ 'ఎస్‌సీ' అయితే సికింద్రాబాద్, 'సీహెచ్‌జెడ్' అని ఉంటే చర్లపల్లి. చర్లపల్లి అయితే సికింద్రాబాద్ దాకా పోయి మళ్ళీ వెనక్కి రావడం దండగ, ఉప్పల్‌లో దిగి ఆటో మాట్లాడుకోండి. ఈ రెండక్షరాలు, మూడక్షరాలు బస్సెక్కాక కాదు, విమానం ఎక్కకముందే చూసుకోండి.