అడుగు నుంచి పోసే సీసం కుండ: ఆరేళ్లు వాడాక

పిడి కొంచెం ఎత్తగానే కరెంటు కుండ అడుగున ఉన్న వాల్వు తెరుచుకుని, కరిగిన సీసం సన్నటి వెండి తీగలా బుల్లెట్ల అచ్చులోకి దిగుతుంది. ఆరేళ్లయినా అది చూడటం నాకు పాతబడలేదు. కుండ ఎన్ని వాట్లది, ఎన్ని కిలోలు పడుతుంది అన్నవి పెట్టె మీదే రాసి ఉంటాయి కాబట్టి వాటి జోలికి వెళ్లను. నేను చెప్పేదంతా ఆ వాల్వు గురించే. నాకున్న కొద్దిపాటి తీరికలో బుల్లెట్లు పోసుకోగలుగుతున్నానంటే దాని వల్లే. ఒకసారి నెలరోజుల తీరికను తినేసింది కూడా అదే.

నాకు వారంలో దొరికేది ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలు. మిగతా రోజుల్లో పిల్లలు పడుకున్నాక ఒక అరగంట. రీలోడింగ్‌ను, అంటే కాల్చేసిన తూటాల ఖాళీ గొట్టాలను (కేసులను) మళ్లీ నింపే పనిని, ముక్కలు చేసుకోవచ్చు. ఒక రాత్రి వంద కేసుల్లోంచి పాత ప్రైమర్లు (తుపాకి మందును అంటించే చిన్న బిళ్లలు) తీసి, కేసులను మళ్లీ అసలు కొలతకు తెస్తాను, అంటే సైజ్ చేస్తాను, ఇంకో రాత్రి నోళ్లు కొద్దిగా విప్పుతాను, మరో రాత్రి కొత్త ప్రైమర్లు ఎక్కిస్తాను. ఎక్కడ ఆపినా నష్టం లేదు, డబ్బాలో "సైజ్ అయింది, ప్రైమర్ పడలేదు" అని చీటీ వేస్తే చాలు. పోత అలా కాదు. సీసం 327 డిగ్రీల దగ్గరే కరుగుతుంది కానీ అచ్చు సరిగ్గా నిండాలంటే 370, 380 దాకా వేడెక్కాలి. దానికే అరగంట పడుతుంది. తర్వాత అచ్చు వేడెక్కాలి. అది వేడెక్కేదాకా వచ్చే బుల్లెట్లు ముడతలు పడి ఉంటాయి, అవన్నీ తిరిగి కుండలోకే. మధ్యలో ఎవరైనా పిలిచి పది నిమిషాలు లేస్తే అచ్చు చల్లారిపోయి మళ్లీ మొదటికొస్తుంది.

గరిటెతో పోసే రోజుల్లో ఆ రెండు గంటల్లో నాకు నూట ఇరవై బుల్లెట్లు వస్తే గొప్ప. గరిటె ముంచడం, తెట్టు పక్కకు తోయడం, అచ్చు దాకా తెచ్చేలోపు గరిటెలో సీసం చల్లబడటం. వాల్వు వచ్చాక అదే రెండు గుంటల అచ్చుతో, అదే రెండు గంటల్లో రెండొందల యాభై దాకా వస్తున్నాయి. తెట్టు పైనే ఉండిపోతుంది, అడుగున ఉన్న శుభ్రమైన లోహం నేరుగా అచ్చులోకి వస్తుంది. నేను పోసేది పాయింట్ 38 స్పెషల్ అనే రివాల్వర్ తూటాకి 158 గ్రెయిన్ల బరువుండే బుల్లెట్. ఒక్కొక్కటి పది గ్రాముల పైచిలుకు, అంటే ఒక పూటకు రెండున్నర కిలోల లోహం. నేను నెలకు కాల్చే వాటికి అది సరిపోతుంది.

మొదటి ఏడాది అడిగినవాళ్లందరికీ ఇదే కొనమని చెప్పాను. అప్పటికి అది చుక్కలు కార్చడం మొదలుపెట్టలేదు.

రెండో ఏడాది నుంచి పోతకూ పోతకూ మధ్య ముక్కు చివర ఒక చుక్క నిలిచేది. కింద చిన్న ఇనుప పళ్లెం పెట్టుకుని సర్దుకున్నాను. వాల్వు కడ్డీ తలమీద స్క్రూడ్రైవర్ పట్టే గాడి ఉంటుంది. లోహం కరిగి ఉండగా దాన్ని అటూ ఇటూ తిప్పితే వాల్వు మళ్లీ సరిగ్గా కూర్చుంటుంది. చాలామంది చేసేది ఇదే, నాకూ కొంతకాలం పనిచేసింది.

మూడో ఏడాది ఒక ఆదివారం, అరవయ్యో డెబ్బయ్యో బుల్లెట్లు పోశాక, పిడి వదిలినా ధార ఆగలేదు. చుక్కలు కాదు, ధార. కడ్డీ తిప్పాను, ఆగింది. పది నిమిషాలకు మళ్లీ మొదలైంది. ఈసారి ఎంత తిప్పినా ఆగలేదు. కుండలో ఇంకా ఆరు కిలోల పైన కరిగిన సీసం ఉంది. అదృష్టం కొద్దీ సీసాన్ని కడ్డీలుగా పోసే ఇనుప అచ్చులు పక్కనే వేడిగా ఉన్నాయి. ప్లగ్ పీకి, ముక్కు కింద ఒకదాని తర్వాత ఒకటి పెడుతూ కుండంతా ఖాళీ చేశాను. ఆ అచ్చులు చల్లగా, చెమ్మగా ఉండి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ వణుకు పుడుతుంది. కరిగిన సీసం కింద ఒక్క నీటి చుక్క చిక్కినా అది ఒక్కసారిగా ఆవిరై లోహాన్ని మొహం మీదికి విసురుతుంది. కళ్లద్దాలు, పొడుగు చేతుల చొక్కా, మందపాటి చేతి తొడుగులు లేకుండా నేను కుండ దగ్గరికి వెళ్లను.

చల్లారాక కడ్డీ బయటికి లాగి చూస్తే, దాని మొనకీ కింద అది కూర్చునే చోటికీ నల్లటి గట్టి పెచ్చు పట్టి ఉంది. తప్పు నాదే. టైమ్ మిగులుతుందని చక్రాల బరువులను (బండి చక్రాల బ్యాలెన్సింగ్‌కు అంటించే పాత సీసపు ముక్కలను) నేరుగా ఈ కుండలోనే వేసి కరిగిస్తూ వచ్చాను. మట్టి సీసం కంటే చాలా తేలిక, పైకి తేలాలి. కానీ కొంత గోడలకూ కడ్డీకీ అంటుకుంటుంది. పోస్తూ పోస్తూ మట్టం తగ్గేకొద్దీ పైనున్న మురికి కూడా కిందికి దిగుతుంది. నేను ప్రతిసారీ కుండ దాదాపు ఖాళీ అయ్యేదాకా పోసి, దానిమీదే కొత్త లోహం వేసేవాణ్ణి. అలా అడుగుకు చేరిన మురికి అక్కడే ఉండిపోయింది. మూడు వారాల అరగంటలు గోకడానికీ రుద్దడానికీ పోయాయి. ఇంజన్ వాల్వులు అరగదీసే సన్నటి పేస్టుతో మొననూ దాని గూడునూ కలిపి అరగదీశాక గానీ సరిగ్గా అతకలేదు. ఆ తర్వాతి ఆదివారం పరీక్షకే సరిపోయింది.

అప్పటి నుంచి పాత సీసం శుద్ధి చేసే పని ఈ కుండలో చేయడం లేదు. ఆరు నెలలకోసారి ఆరుబయట వేరే ఇనుప గిన్నెలో ఒక పూటంతా అదే పని పెట్టుకుంటాను. చక్రాల బరువుల్లో జింకువి ఉంటే ముందే ఏరేస్తాను. ఏవైనా తప్పించుకున్నా, జింకు కరగాలంటే దాదాపు 420 డిగ్రీలు కావాలి కాబట్టి వేడి అంతదాకా పోనివ్వకుండా పైన తేలుతున్న వాటిని తీసేస్తాను. రంపపు పొట్టు వేసి కలిపి తెట్టు తీసి కడ్డీలు పోస్తాను. కరెంటు కుండలోకి ఆ శుభ్రమైన కడ్డీలే వెళ్తాయి, అడుగున పావు వంతు లోహం ఎప్పుడూ ఉంచేస్తాను. అలా ఉంచితే తర్వాతిసారి త్వరగా కరుగుతుందని కూడా తెలిసింది. చుక్క పూర్తిగా మానలేదు, ఒక పూటలో నాలుగైదు పడతాయి. అది నాకు బాధ కాదు.

ఈ ఆరేళ్లలో నేను ఊహించని మేలు ఇంకొకటి ఉంది. ఆంటిమోనీ (సీసాన్ని గట్టిపరిచే మూలకం) కలిసిన సీసం పోసిన వెంటనే మెత్తగా ఉండి, రెండు మూడు వారాల్లో తనంతట తానే గట్టిపడుతుంది. ఒక ఆదివారం పోసినవి పక్కన పెట్టి, గట్టిపడినవి వాడుకుంటాను. నాకు తీరిక లేని రోజుల్లో కూడా పని జరుగుతూనే ఉంటుంది.

కేసుల్లో తుపాకి మందు పోసే రాత్రిని మాత్రం దేనితోనూ కలపను. ఫోన్ వేరే గదిలో ఉంటుంది. రీలోడింగ్ మాన్యువల్లో ఆ బుల్లెట్‌కు ఇచ్చిన మందు కొలత దాటను. యాభై కేసులకు మందు పోసి, టార్చి వేసి ఒక్కో కేసులో మట్టం చూశాకే బుల్లెట్ ఎక్కిస్తాను. మధ్యలో పిల్ల లేచి ఏడిస్తే మొత్తం మందు తిరిగి డబ్బాలోకి పోసేసి వెళ్తాను.

కొనాలా అని అడిగితే ఇప్పుడు నా జవాబు మొదటి ఏడాది చెప్పినంత తేలిగ్గా రాదు. రెండు మూడు నెలలకోసారి యాభై బుల్లెట్లు పోసేవాళ్లకు గరిటే చాలు, దానికి కారే వాల్వు ఉండదు. పెద్ద బరువైన రైఫిల్ బుల్లెట్లు పోసేవాళ్లలో చాలామంది ఇప్పటికీ గరిటెనే నమ్ముతారు, వాళ్ల మాటకు నేను ఎదురు చెప్పను. గాలి బాగా ఆడే వేరే చోటు, పిల్లలు అడుగుపెట్టని చోటు లేకపోతే అసలు ఈ పనే వద్దు. నేను పోత అయ్యాక అక్కడే చొక్కా మార్చుకుని, చేతులు మోచేతుల దాకా కడుక్కున్నాకే లోపలికి వస్తాను, ఆ బట్టలు విడిగా ఉతుకుతాం. నాలాగా వారానికి ఒక్క పూట దొరికి, ఆ పూటలో నెలకు సరిపడా పోసుకోవాలనుకునేవాళ్లైతే తీసుకోవచ్చు. కుండతో పాటే సీసం శుద్ధికి ఒక పాత ఇనుప గిన్నె కూడా చూసుకోండి.