తమ్ముడి డ్రంక్ అండ్ డ్రైవ్ కేసు, మాకు అందిన ఉచిత న్యాయ సహాయం

మా తమ్ముడు అద్దె కారు నడుపుతాడు. మాఘమాసంలో స్నేహితుడి పెళ్లి విందుకు వెళ్లి, తన మోటారు సైకిల్ మీద తిరిగి వస్తూ హైదరాబాద్‌లో పోలీసు తనిఖీలో దొరికాడు. బ్రీత్ ఎనలైజర్‌లో 78 చూపించింది. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల మద్యం దాటితే మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ కింద నేరం. వాడు చేసింది తప్పే. ఆ రాత్రి ఎవరి ప్రాణమైనా పోయి ఉంటే నేను ఈ నాలుగు మాటలూ రాసేదాన్ని కాదు. కేసు పడిన తర్వాత ఎవరిని నమ్మాలో తెలియక మేము పడిన తిప్పలు మరొకరు పడకూడదని, మాకు సాయం చేసిన న్యాయవాది పనితీరు గురించి రాస్తున్నాను.

ముందు కౌన్సెలింగ్‌కు రమ్మన్నారు. ఇంట్లోవాళ్లు ఒకరు వెంట ఉండాలన్నారు. బేగంపేటలోని ట్రాఫిక్ శిక్షణ సంస్థకు నేనే వెళ్లాను. అది సజావుగా జరిగింది. చిక్కంతా కోర్టు దగ్గర మొదలైంది. గేటు బయట ఒకాయన మమ్మల్ని ఆపి, 15,000 ఇస్తే తమ్ముడు మెట్లెక్కకుండానే పేరు తీయించేస్తానన్నాడు. నేను బట్టలు కుట్టి బతికేదాన్ని. గాజులు తాకట్టు పెడదామని నిశ్చయించుకున్నాను కూడా. మర్నాడు జాకెట్ల కోసం వచ్చిన ఒక టీచరమ్మ విని, 15100కు ఫోన్ చేయమని చెప్పింది. అది జాతీయ న్యాయ సేవల సంస్థ సహాయ నంబరు. వాళ్లు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లమన్నారు.

మేము షెడ్యూల్డ్ కులానికి చెందినవాళ్లం. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం మాకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు. స్త్రీలు, పిల్లలు, గిరిజనులు, వికలాంగులు, నిర్బంధంలో ఉన్నవాళ్లకూ ఇదే హక్కు ఉంది. కుల ధ్రువపత్రం, ఆధార్, పోలీసులు ఇచ్చిన కాగితం చూపించి అర్జీ రాసిచ్చాం.

మాకు కేటాయించిన న్యాయవాది నడివయసు ఆవిడ. తమ్ముడి చేతిలో నుంచి బ్రీత్ ఎనలైజర్ చీటీ తీసుకుని అందులోని బండి నంబరు, సమయం, అంకె, సంతకం ఒక్కొక్కటే వేలు పెట్టి చదివారు. ఎన్నిసార్లు ఊదించారు, అరెస్టు చేశారా అని అడిగారు. అరెస్టు చేసి ఉంటే రెండు గంటల్లోగా వైద్య పరీక్ష జరిపించాలట. లేకపోతే నిర్బంధం నుంచి వదిలేయాలి. వీడిని అరెస్టు చేయలేదు కాబట్టి ఆ ప్రశ్న మాకు వర్తించలేదు. తర్వాత, "నువ్వు తాగావా బాబూ?" అని సూటిగా అడిగారు. వాడు తల వంచుకుని తాగానన్నాడు.

అప్పుడు ఆవిడ చెప్పిన మాటల కోసమే నేను ఈ సేవకు ఎక్కువ మార్కులు వేస్తాను. "ఇది చలాను కట్టి మరిచిపోయే వ్యవహారం కాదమ్మా. రోడ్డు మీదే డబ్బు కట్టి ముగించుకునే నేరాల జాబితాలో ఇది లేదు. పేరు తీయిస్తానన్న మనిషి మీ డబ్బు తీసుకుని కనిపించకుండా పోతాడు" అన్నారు. మొదటిసారికి ఆరు నెలల వరకు జైలు గానీ 10,000 జరిమానా గానీ రెండూ గానీ. మళ్లీ దొరికితే రెండేళ్ల వరకు జైలు గానీ 15,000 గానీ రెండూ గానీ. మేజిస్ట్రేటు అభియోగం చదివి ఒప్పుకుంటావా అని అడుగుతారు. ఒప్పుకోకపోతే విచారణ జరుగుతుంది, పరికరం మీదా సాక్షుల మీదా ప్రశ్నలు వేయవచ్చు. ఒప్పుకున్నాక మాత్రం నేను తాగలేదంటూ అప్పీలుకు వెళ్లడానికి వీలుండదు. శిక్ష ఎక్కువైందనో చట్టబద్ధం కాదనో మాత్రమే పైకోర్టును అడగవచ్చు. ఈ తేడా మాకు అంతవరకు ఎవరూ చెప్పలేదు. వాడు ఒప్పుకుంటానన్నాడు. నిర్ణయం వాడిదేనని ఆవిడ రెండుసార్లు గుర్తుచేశారు.

బండి గురించీ ఒక సంగతి తెలిసింది. తాగని, లైసెన్సున్న మనిషి వచ్చి తీసుకెళ్లగలిగితే వాహనాన్ని వాళ్లకు అప్పగించాలని 2021లో తెలంగాణ హైకోర్టు చెప్పిందట. ముందే తెలిసి ఉంటే ఆ రాత్రి మా ఆయన్ని పంపేదాన్ని.

కోర్టులో వాడికి జరిమానా పడింది. ఆవిడ వాడి పక్కనే నిలబడి, మొదటి తప్పు అని, అమ్మ మందుల ఖర్చు వాడి సంపాదన మీదే నడుస్తోందని చెప్పారు. అంతటితో అయిపోయిందనుకున్నాం. లైసెన్సు సంగతి వేరే నడుస్తుందని, రవాణా శాఖ నోటీసు వస్తే ఊరుకోకుండా జవాబు రాయాలని ఆవిడ ముందే హెచ్చరించారు. ఆ జవాబు రాయడంలోనూ సాయం చేశారు. అయినా మూడు నెలలు లైసెన్సు నిలిపివేశారు. జరిమానా కంటే మాకు ఆ మూడు నెలలే భారమయ్యాయి. వాడు గోదాములో మూటలు మోశాడు.

లోపాలూ ఉన్నాయి. మేము వెళ్లిన కార్యాలయంలో ఏ గదిలో ఎవరుంటారో చెప్పే బోర్డు లేదు. న్యాయవాది పేరు తెలియడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ నాకు నిద్ర లేదు. సమన్ల తేదీ దగ్గరపడితే మనమే వెళ్లి గుర్తుచేయాలి. ఆవిడ మధ్యాహ్నం వరకు కోర్టులో ఉంటారు, ఫోన్ ఎత్తరు, సాయంత్రం తిరిగి చేస్తారు. ఉచితమంటే న్యాయవాది ఫీజూ కోర్టు ఖర్చులూ మాత్రమే. జరిమానా మనదే.

వెళ్లేవాళ్లు బ్రీత్ ఎనలైజర్ చీటీకి ముందే జిరాక్సు తీయించుకోండి. మా చీటీ మీద అక్షరాలు నెల తిరగకుండానే వెలిసిపోయాయి.