థూలియం నానో కణాల సీసా: వెలుగు అమోఘం, నీళ్లలోకి దింపడమే అసలు పరీక్ష

సోడియం ఇట్రియం ఫ్లోరైడ్‌లో 20 శాతం ఇటర్బియం, 0.5 శాతం థూలియం కలిపి, పైన ఇవేవీ కలపని ఉత్త ఫ్లోరైడ్ పొర కట్టిన నానో కణాలు సైక్లోహెక్సేన్ అనే ద్రావకంలో తయారుగా దొరుకుతున్నాయి. ఎలుకల మీద ఇమేజింగ్ చేసే ల్యాబ్‌కు కొనదగ్గ సరుకే. 980 నానోమీటర్ల లేజర్ వేస్తే అంతకంటే పొట్టి తరంగంలో, 800 నానోమీటర్ల దగ్గర వెలుగు వస్తుంది. కణజాలం సొంతంగా వెలిగేది లేజర్ కంటే పొడవైన తరంగాల్లోనే కాబట్టి, 850 కంటే పొట్టి తరంగాలనే వదిలే షార్ట్‌పాస్ ఫిల్టర్ బిగించిన సిలికాన్ కెమెరాలో బ్యాక్‌గ్రౌండ్ నల్లగా ఉంటుంది. ఖరీదైన ఇండియం గాలియం ఆర్సెనైడ్ కెమెరా అక్కర్లేదు.

సీసా రాగానే ఫ్రిజ్‌లో పెట్టకండి. సైక్లోహెక్సేన్ 6.5 డిగ్రీలకే గడ్డకడుతుంది, కణాలు ముద్దకట్టే ప్రమాదం ఉంది. గది వేడిలో, మూత గట్టిగా బిగించి ఉంచితే చాలు. 980కి తగిన కళ్లద్దాలు పెట్టుకుని సీసాలోంచి లేజర్ పంపితే సన్నటి నీలి గీత కనిపించాలి. అది థూలియం 475 దగ్గర ఇచ్చే వెలుగు. గీత మసగ్గా ఉండి, అడుగున తెల్లటి మడ్డి కనిపిస్తే కాసేపు సోనికేట్ చేయాలి, అంటే అల్ట్రాసౌండ్‌తో కుదపాలి.

ఇక నీళ్లలోకి దింపడం. కణాలను నీళ్లలో కలవనివ్వని పై పూత, ఒలేయిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లాన్ని, ముందు వదిలించాలి. ద్రావకం తీసేసిన 100 మిల్లీగ్రాముల కణాలను పీహెచ్ 4 ఉన్న 10 మిల్లీలీటర్ల నీటిలో 2 గంటలు కలపండి. పీహెచ్ పెరుగుతూ ఉంటుంది, 0.1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్కలతో 4 దగ్గరే నిలపాలి. విడిపోయిన ఒలేయిక్ ఆమ్లాన్ని ఈథర్‌తో తీసేసి, కణాలను అసిటోన్‌తో అడుగుకు దించి, సెంట్రిఫ్యూజ్ చేసి నీళ్లలో కలుపుకోండి. నీళ్లలో వెలుగు కొంత తగ్గడం మామూలే, నీటిలోని ఓ-హెచ్ (ఆక్సిజన్-హైడ్రోజన్) బంధాలు శక్తిని లాగేస్తాయి. పై పొర పలచగా ఉన్న సరుకైతే ఆ దెబ్బ చాలా ఎక్కువ.

చాలామంది చేసే తప్పు ఒకటుంది: ఇలా ఒలిచిన కణాలను నేరుగా పీబీఎస్ అనే ఫాస్ఫేట్ ఉప్పు ద్రావణంలో వేయడం. అందులోని ఫాస్ఫేట్ ఇట్రియంను, లాంథనైడ్లను (ఇటర్బియం, థూలియం) పట్టుకుంటుంది. కణాలు ముద్దకడతాయి, కరుగుతాయి కూడా. ఫాస్ఫోనేట్ కొస ఉన్న పెగ్ (పాలీఇథిలీన్ గ్లైకాల్ అనే పాలిమర్) తొడిగి, ఫాస్ఫేట్ లేని హెపీస్ బఫర్‌లో వాడటం మేలు. బాగా పలచన చేసి నిల్వ పెట్టినా ఫ్లోరైడ్ కరుగుతుంది, కాబట్టి చిక్కగా ఉంచి ఇంజెక్షన్ ముందే పలచన చేసుకోండి.

ఈ సరుకులో అసలు లోపం 980 లేజరే. నీరు 808 నానోమీటర్ల వెలుగు కంటే 980ని సుమారు 20 రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుంది, చర్మం వేడెక్కుతుంది. చర్మానికి సురక్షితమైన, చదరపు సెంటీమీటరుకు 0.726 వాట్ల పరిమితి దాటకండి. పైగా 800 వెలుగుకు రెండు ఫోటాన్లు కావాలి: లేజర్ సగమైతే వెలుగు నాలుగో వంతుకు పడిపోవచ్చు. అందుకే లోతు మారితే వెలుగును బట్టి కణాల లెక్క కట్టడం కుదరదు. లోతే ముఖ్యమైతే 808తో పనిచేసే నియోడిమియం రకం చూడండి.

మనుషులకు మాత్రం వీటి వాడకానికి అనుమతి లేదు. అమెరికాలో 1959 నుంచే అనుమతి ఉన్న ఐసీజీ (ఇండోసయనిన్ గ్రీన్) రంగును కాలేయం నిమిషాల్లో బయటికి పంపుతుంది. ఈ కణాలు కాలేయంలో, ప్లీహంలో రోజుల తరబడి ఉండిపోతాయి.

ఆర్డర్ పెట్టేటప్పుడు లేబుల్ మీది మిల్లీగ్రాముల్లో ఒలేయిక్ ఆమ్లం బరువు కలిసిందా లేదా అడగండి. స్ఫటికం షడ్భుజాకారపు బీటా రకమేనని చూపే ఎక్స్‌రే డిఫ్రాక్షన్ గ్రాఫ్ కూడా తెప్పించుకోండి. ఘనాకారపు ఆల్ఫా రకం అంత వెలగదు.