రామచిలకా, లవ్‌బర్డ్సా, మేడ మీద గింజలా: ఏది మేలు?

పోయిన వేసవి సెలవుల్లో మా మేనకోడలు "మామయ్యా, నాకు చిలక కావాలి" అని పట్టుబట్టింది. తొమ్మిదేళ్ల పిల్ల. పక్క వీధిలో ఎవరింట్లోనో పంజరంలో చిలక "ఎవరూ?" అని పలకరించిందట, అప్పటి నుంచి అదే ధ్యాస. చివరికి వాళ్లమ్మ, అంటే మా చెల్లెలు, నాకు ఫోన్ చేసింది. "అన్నయ్యా, ఒకతను రామచిలక పిల్లని తెచ్చి ఇస్తానంటున్నాడు. ఈయనేమో డబ్బులు పోతే పోయాయి, బాగా మాట్లాడే ఆఫ్రికా చిలకే కొందామంటున్నారు. నాకైతే లవ్‌బర్డ్స్ చాలనిపిస్తోంది. ఏది మేలంటావు?"

ఫోన్‌లో రెండు ముక్కల్లో తేలే విషయం కాదు. మరుసటి ఆదివారం వాళ్లింటికి వెళ్లి కూర్చుని మాట్లాడాను. అక్కడ చెప్పినవీ, తర్వాత గుర్తొచ్చినవీ కలిపి రాస్తున్నాను.

ముందు రామచిలక సంగతి. మా ఊళ్లో మా ఇంటి వసారాలో ఆరేళ్లు ఒక రామచిలక ఉండేది. బుట్టలో చిలక పిల్లల్ని పెట్టుకుని వీధుల్లో తిరిగే మనిషి దగ్గర మా తాతయ్య కొన్నాడు. ఒంటి మీద ఇంకా సరిగ్గా ఈకలు కూడా రాలేదు. నానమ్మ దానికి "రామ రామ" అనడం నేర్పింది. మేం తినేవన్నీ దానికీ పెట్టేవాళ్లం: అన్నం, జంతికలు, బిస్కెట్లు, పచ్చిమిరపకాయలు. మిరపకాయ వల్ల నష్టమేమీ లేదు, పక్షులకు ఆ కారం తెలియదు. ఉప్పు, నూనె ఉన్న తిండి మాత్రం దానికి మంచిది కాదు. ఆ సంగతి మాకెవరికీ తెలియదు. సాయంత్రం ఆరింటికి గుంపులు గుంపులుగా చిలకలు కీచుమంటూ చెరువు గట్టు చెట్ల వైపు వెళ్లేవి. ఆ కేక వినగానే మా చిలక పంజరం ఊచలు పట్టుకుని రెక్కలు కొట్టుకునేది. గుంపు వెళ్లిపోయాక కూడా చాలాసేపు అటే చూసేది. ఆరో ఏట చచ్చిపోయింది. సరిగ్గా చూసుకుంటే రామచిలక ఇరవై ఏళ్లకు పైగా బతుకుతుందని పెద్దయ్యాక తెలిసింది.

ఆ వసారాలోనే నానమ్మ మాకు రామదాసు కథ చెప్పేది. గోపన్న పూర్వజన్మలో ఒక చిలకను పన్నెండు రోజులు పంజరంలో పెట్టాడట, ఆ పాపానికి గోల్కొండ చెరసాలలో పన్నెండేళ్లు ఉండాల్సి వచ్చిందట. మన పెద్దలు ఈ కథ ఇలా చెప్పుకున్నారంటే, చిలకను బంధించడం తప్పని వాళ్ల మనసుకు తెలుసన్నమాట. నేను ఆ కథ విన్న రోజు తల తిప్పి మా పంజరం వైపు చూశాను. ఆ చూపు ఇప్పటికీ గుర్తుంది.

మా చెల్లెలికి తెలియని సంగతి ఒకటుంది. రామచిలకను కొనడం, ఇంట్లో పెంచడం చట్టప్రకారం నేరం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది రక్షిత పక్షి. 2022లో ఆ చట్టాన్ని సవరించి మామూలు జరిమానాను 25 వేల నుంచి లక్ష రూపాయల దాకా పెంచారు, మూడేళ్ల వరకు జైలు కూడా పడొచ్చు. భుజం మీద ఎర్రమచ్చ ఉండే పెద్ద చిలకకు, హైదరాబాద్ సంతల్లో 'పహాడీ' అని పిలిచేదానికి, కూడా ఇదే రక్షణ. పసుపు రంగువి, నీలం రంగువి చూపించి "ఇవి వేరే జాతి సార్" అంటారు. రంగు మారినంత మాత్రాన జాతి మారదు.

చట్టం భయం పక్కన పెట్టినా, ఆ పిల్ల మన ఇంటికి ఎలా వస్తుందో చూడండి. చిలకలు మన వైపు డిసెంబరు, జనవరి నుంచి ఏప్రిల్ దాకా చెట్టు తొర్రల్లో గుడ్లు పెడతాయి. తొర్రను అవి చాలావరకు సొంతంగా తొలచుకోవు. వడ్రంగిపిట్ట వదిలేసినదో, కొమ్మ విరిగిన చోట పుచ్చిపోయి ఏర్పడినదో వెతుక్కుని, కొంచెం పెద్దది చేసుకుంటాయి. పిల్లల్ని పట్టేవాళ్లు చెయ్యి దూరకపోతే ఆ తొర్రనే నరికి తీస్తారు. అంటే ఈ ఏటి పిల్లలే కాదు, వచ్చే ఏటి గూడు కూడా పోయినట్టే. తీసిన పిల్లల్లో మన పంజరం దాకా ప్రాణాలతో చేరేవి కొన్నే. ఎండకూ, సంచుల్లో కుక్కడానికీ, తెలియని తిండికీ మిగతావి దారిలోనే పోతాయి. మనం కొన్న ఒక్క పిల్ల వెనుక ఆ పోయినవి కూడా ఉన్నాయి. పహాడీ చిలకలకైతే ఈ వేట మరీ ఎక్కువ. ప్రపంచ స్థాయి అంచనాల్లో ఆ జాతిని ముప్పుకు దగ్గరలో ఉన్నదిగా చేర్చడానికి ఇదొక ముఖ్య కారణం.

"రామచిలకలు ఎక్కడ చూసినా ఉన్నాయి కదన్నయ్యా, లండన్‌లో కూడా పెరిగిపోయాయట" అంది చెల్లెలు. నిజమే. పెంపకం నుంచి తప్పించుకున్నవే అక్కడి పార్కుల్లో వేలల్లో స్థిరపడ్డాయి. రామచిలక జాతికి మొత్తంగా ఇప్పుడు ప్రమాదం లేదు. కానీ మా ఊరి చెరువు గట్టు మీద పాత తాడిచెట్లు, మర్రి కొట్టేశాక సాయంత్రపు గుంపులు పలచబడ్డాయి. లండన్‌లో ఎన్ని పెరిగితే మాత్రం మా ఊరికేం వస్తుంది?

అందుకే మొదటిదానికి నా జవాబు వద్దు అనే. ఇందులో మధ్యేమార్గం లేదు. ఇప్పటికే ఇంట్లో రామచిలక ఉన్నవాళ్లు దీన్ని చదివి ఈ సాయంత్రమే తలుపు తీసి వదిలేయొద్దు. రెక్కల ఈకలు కత్తిరించిన పక్షి, తిండి వెతుక్కోవడం తెలియని పక్షి కాకులకో డేగకో దొరికిపోతుంది. అటవీ శాఖ వాళ్లకు అప్పగిస్తే జూలోనో సంరక్షణ కేంద్రంలోనో చూసుకుంటారు. ఎగరగలిగితే మెల్లగా అలవాటు చేసి వదులుతారు.

ఇక మా బావగారి ఆఫ్రికా చిలక. బూడిద రంగు ఒళ్లు, ఎర్రటి తోక, మాటల్లో దానికి సాటి లేదు. నేను దాన్ని వద్దనడానికి కారణం కూడా ఆ తెలివే. అమెరికాలో ఐరీన్ పెప్పర్‌బర్గ్ అనే శాస్త్రవేత్త 1977లో ఇలాంటి చిలకనే కొని, అలెక్స్ అని పేరు పెట్టి, ముప్పై ఏళ్లు దానితో పనిచేశారు. అది వందకు పైగా మాటలు నేర్చింది, రంగులు, ఆకారాలు గుర్తుపట్టింది, ఆరు దాకా లెక్క చెప్పింది. అంత బుర్ర ఉన్న ప్రాణిని ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇంట్లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒంటరిగా ఉంచితే ఏం చేస్తుంది? తన ఈకలు తానే పీక్కుంటుంది. నలభై ఏళ్లు, ఇంకా పైన కూడా బతుకుతుంది. మా మేనకోడలు చదువుకుని, ఉద్యోగానికి ఊరు వదిలి వెళ్లాక కూడా ఆ చిలక అక్కడే ఉంటుంది.

వీటి అడవి కథ మరీ బాధాకరం. ఘానాలో 1992 తర్వాత బూడిద చిలకలు 90 నుంచి 99 శాతం దాకా తగ్గిపోయాయని పరిశోధకులు తేల్చారు. అడవులు పోవడం ఒక కారణం, పంజరాల కోసం పట్టడం మరొకటి. 2016లో జొహానెస్‌బర్గ్‌లో దేశాలన్నీ కూర్చుని అడవి నుంచి పట్టిన వాటి వ్యాపారాన్ని ఆపాలని నిర్ణయించాయి. మన దేశంలో ఇలాంటి విదేశీ పక్షి ఉంటే 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైటు పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. కాగితాలు లేని పక్షిని కొనడమంటే అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలియకుండా కొనడమే. బావగారు వినగానే ఒప్పుకోలేదు. అలెక్స్ గురించి ఆయనే రాత్రి కూర్చుని చదివి, పొద్దున్న ఆ మాట ఎత్తలేదు.

కానీ ఆయన ఒక మంచి ప్రశ్న అడిగారు. "మనుషులు పెంచబట్టే కదా కొన్ని జాతులు బతికున్నాయి?" నిజం ఉంది. బ్రెజిల్‌లో స్పిక్స్ మకా అనే నీలి చిలక ఉంది. అడవిలో మిగిలిన చివరి మగపక్షి 2000లో కనబడకుండా పోయింది. పెంపకందారుల దగ్గర ఉన్న కొద్ది పక్షుల నుంచే మళ్లీ సంతతిని పెంచి, 2022లో కొన్నిటిని బాహియా రాష్ట్రంలోని వాటి సొంతచోట వదిలారు. అయితే ఆ పని ఏ పక్షికి ఏ పక్షితో జత కట్టాలో లెక్కలు రాసుకుని, పశువైద్యులతో, ఏళ్ల తరబడి చేసినది. పైగా ఆ జాతి అక్కడిదాకా రావడానికి చిలకల వ్యాపారం కూడా ఒక కారణం. మన వసారాలో వేలాడే పంజరం ఏ జాతినీ కాపాడదు.

లవ్‌బర్డ్స్ విషయంలో నాకు అంత పట్టుదల లేదు. మనం లవ్‌బర్డ్స్ అని పిలిచేవి చాలావరకు బడ్జీలు, ఆస్ట్రేలియా పక్షులు. అసలు లవ్‌బర్డ్స్ ఆఫ్రికావి, వేరే జాతి. జాన్ గూల్డ్ అనే పక్షిశాస్త్రవేత్త 1840లో బడ్జీలను ఇంగ్లండ్‌కు తెచ్చాడు. అప్పటి నుంచి తరతరాలుగా పంజరాల్లోనే పుట్టి పెరుగుతున్నాయి. ఆస్ట్రేలియా 1960 నుంచే తన పక్షుల ఎగుమతి ఆపేసింది కాబట్టి మనం కొనే బడ్జీ వల్ల ఏ అడవి గూడూ ఖాళీ అవ్వదు. చట్టం అడ్డు లేదు. ఐదు నుంచి పదేళ్లు బతుకుతాయి, జత కొన్ని వందల్లో దొరుకుతుంది. ఇంట్లో పక్షి ఉండి తీరాలంటే నేను వీటికే ఓటేస్తాను.

దానికి కొన్ని షరతులున్నాయి. ఒంటరిగా ఉంచకూడదు, కనీసం జత కావాలి. పంజరం ఎత్తు కన్నా పొడవు ముఖ్యం, పక్షి ఈ కొస నుంచి ఆ కొసకు రెక్క విప్పి ఎగరగలగాలి. గుండ్రటి చిన్న పంజరం అసలు వద్దు. వంటింట్లో నాన్‌స్టిక్ పాత్ర మాడితే వచ్చే ఆవిరి నిమిషాల్లో వాటి ప్రాణం తీస్తుంది. దోమల కాయిల్ పొగ, అగరుబత్తి పొగ కూడా వాటి ఊపిరితిత్తులకు పడవు. బయటికి వదిలేటప్పుడు సీలింగ్ ఫ్యాన్ ఆపాలి. మన వేసవి ఎండల్లో బాల్కనీలో వదిలేస్తే మధ్యాహ్నానికి పక్షి ఉండదు. ఉత్త గింజలు కాకుండా తోటకూర, కొత్తిమీర, క్యారెట్ కూడా పెట్టాలి. పంజరంలో గూడు కోసం కుండ కట్టారంటే గుడ్లు, గుడ్ల వెనుక పిల్లలు, ఆరు నెలల్లో పన్నెండు పక్షులు. అప్పుడు "వదిలేద్దాం" అంటారు. అవి మన దగ్గర బయట బతకలేవు.

ఇవన్నీ విని చెల్లెలు నిట్టూర్చింది. "ఇంత టెన్షన్ ఎవరు పడతారన్నయ్యా" అంది. మేం మేడ మీదికి వెళ్లింది అప్పుడే. వాళ్లింటి వెనుక ఖాళీ స్థలంలో సీమచింత చెట్టు ఉంది. సాయంత్రం ఐదున్నరకు దాని మీద పది పన్నెండు రామచిలకలు వాలి, సీమచింతకాయలు చీల్చి తెల్లగుజ్జు తింటున్నాయి. మెడలో నలుపు, గులాబీ హారం ఉన్నవి మగవి, హారం లేనివి ఆడవో ఇంకా మూడేళ్లు నిండని పిల్లలో. ఇన్నాళ్లుగా అవి అక్కడికి వస్తున్నా ఈ ఇంట్లో ఎవరూ తలెత్తి చూడలేదు. మేనకోడలు మాత్రం ఆ రోజు చీకటి పడేదాకా కిందికి దిగలేదు.

నేను గట్టిగా చెప్పేది ఈ దారే. చూరుకు వరికంకుల కుచ్చు వేలాడదీయడం మన ఇళ్లలో ఉన్న పద్ధతే. పిచ్చుకల కోసం కట్టేవారు, చిలకలూ వాలతాయి. జొన్న కంకి, జామకాయ ముక్క, ఒక మట్టి మూకుడులో నీళ్లు చాలు. చెన్నైలోని రాయపేటలో ఒక కెమెరా మెకానిక్ ఏళ్ల తరబడి తన మేడ మీద నానబెట్టిన బియ్యం పరిచి వేల చిలకలకు తిండి పెట్టాడు. మనం అంత చేయక్కర్లేదు, చేయకపోవడమే మంచిదని నా ఉద్దేశం. ఒకే చోట పక్షులు మరీ గుమిగూడితే రోగాలు అంటుకుంటాయి. కొద్దిగా పెట్టాలి, రోజూ మూకుడు కడగాలి. మిగిలిన మిక్స్చర్, ఉప్పు తగిలినవి వేయొద్దు.

పంజరం చిలక చేతి మీదికి వస్తుంది, పేరు పెట్టి పిలుస్తుంది. మేడ మీది చిలక దగ్గరికి రాదు, మాట్లాడదు, రాని రోజులు కూడా ఉంటాయి. పిల్లలకు ఆ లోటు ఉంటుంది, లేదని నేనను. అయితే గింజల కన్నా చెట్లు ముఖ్యం. రావి, జువ్వి, మర్రి పళ్లు, బూరుగ పూల తేనె, చింత, జామ ఇవన్నీ వాటి తిండే. మోడైన తాడిచెట్టు ఎవరి మీదా పడే ప్రమాదం లేకపోతే ఉండనివ్వండి, దానిలో ఒక చిలక కుటుంబం ఉండొచ్చు. సంక్రాంతికి చైనా మాంజా కొనొద్దు. 2017లోనే జాతీయ హరిత ట్రిబ్యునల్ నిషేధించింది, అయినా ఇంకా పక్షుల రెక్కలు తెగుతూనే ఉన్నాయి. పొలంలో పొద్దుతిరుగుడు, జొన్న వేసుకున్న రైతుకు చిలకలతో నష్టం నిజం. మంచె మీద నిలబడి వడిసెల తిప్పడమో, మెరిసే రిబ్బన్లు కట్టడమో వాళ్ల హక్కు. నేను ఊళ్లో మేడల గురించి మాట్లాడుతున్నాను.

మా మేనకోడలు ఇప్పుడు ఒక నోటుబుక్ పెట్టుకుంది. ఏ రోజు ఎన్ని వచ్చాయి, హారం ఉన్నవెన్ని, ఎన్నింటికి వెళ్లాయి అని రాస్తోంది. దసరాకి వెళ్లినప్పుడు ఇద్దరం కలిసి చెక్కపెట్టె చేసి, మూడంగుళాల రంధ్రం పెట్టి, అడుగున రంపపు పొట్టు పోసి, సీమచింత కొమ్మకు ఎత్తుగా కట్టాం. వారం తిరక్కుండా గోరింకలు దూరాయి. వాటిని తోలొద్దని చెప్పాను. చిలకలు జతకట్టేలోగా, జనవరికి ముందే, రెండో పెట్టె కట్టాలి. చెక్క తెచ్చి మా షెడ్డులో పెట్టాను.