కోడ్లు చెరిపేసి కారు అంటగట్టారు: సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు జాగ్రత్త

సెకండ్ హ్యాండ్ పెట్రోలు కారు చూస్తున్నవాళ్లు డబ్బు ఇచ్చేముందు ఇది చదవండి. మాకు కారు అమ్మిన డీలర్, కారు కంప్యూటర్‌లో నమోదైన లోపాల కోడ్లు చెరిపేసి, లోపాన్ని కప్పిపెట్టి అమ్మాడు. దాన్ని బాగుచేస్తామన్న గ్యారేజీ వాళ్లు లోపం ఎక్కడుందో చూడకుండానే పార్టులు మార్చుకుంటూ పోయారు. ఇద్దరి పేర్లూ రాయడం లేదు. పేర్లకన్నా వాళ్లు చేసిన పద్ధతి తెలియడం ముఖ్యం, ఎందుకంటే ఆ పద్ధతి ఎక్కడైనా ఎదురవుతుంది.

టెస్ట్ డ్రైవ్‌లో వంక పెట్టడానికేమీ దొరకలేదు. మేం వెళ్లేసరికే ఇంజిన్ స్టార్ట్ చేసి ఉంచారు. "ఏసీ వేసి చల్లగా పెట్టాం సార్" అన్నారు. ట్రాఫిక్ లేని రోడ్డు వైపే తీసుకెళ్లారు. డ్యాష్‌బోర్డు మీద ఒక్క లైటూ వెలగలేదు.

కొద్దిరోజులకే అసలు రంగు బయటపడింది. సిగ్నల్ దగ్గర ఆగితే ఇంజిన్ నిమిషానికి ఎన్నిసార్లు తిరుగుతోందో చూపే ఆర్పీఎం ముల్లు 600కు పడిపోయి, అంతలోనే 1,200 దాకా లేచి, మళ్లీ పడేది. ఏసీ వేస్తే ఆగిపోతుందేమోనని టెన్షన్. యాక్సిలరేటర్ మెల్లగా తొక్కితే కాసేపు స్పందనే ఉండదు, తర్వాత ఎవరో వెనక నుంచి తన్నినట్టు బండి ముందుకు దూకేది. విచిత్రమేమిటంటే స్పీడు అందుకున్నాక ఏ ఇబ్బందీ లేదు. కుదుపులన్నీ నెమ్మదిగా పోతున్నప్పుడే. ఆ తర్వాత చెక్ ఇంజిన్ లైట్ వెలిగింది. డీలర్‌కి ఫోన్ చేస్తే "పెట్రోలు కల్తీ అయ్యుంటుంది, బంకు మార్చి చూడండి" అన్నాడు.

గ్యారేజీలో ఆ కోడ్లు చదివే స్కానర్ పెడితే రెండు వచ్చాయి: పీ0300, పీ0171. మొదటిది ఏదో ఒక సిలిండర్ అని కాకుండా అక్కడక్కడా మిస్ ఫైర్ అవుతోందని, అంటే పెట్రోలు సరిగ్గా మండడం లేదని చెబుతుంది. రెండోది ఇంజిన్‌లోకి వెళ్తున్న గాలికి సరిపడా పెట్రోలు అందడం లేదని. వాళ్లు మొదటి కోడ్ మాత్రమే పట్టుకున్నారు. ప్లగ్గులు మార్చారు. తగ్గలేదు. ప్లగ్గులకు కరెంటు ఇచ్చే కాయిల్స్ అన్నీ మార్చారు. తగ్గలేదు. "ఇక థ్రాటిల్ బాడీయే సార్" అని, ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని అదుపుచేసే ఆ పార్టూ మార్చారు. ప్రతిసారీ కోడ్లు చెరిపేసి, హైవే మీద ఒక రౌండ్ తిప్పి, "చూశారుగా, లైటు పోయింది" అని తాళం చేతికిచ్చేవాళ్లు. లైటు ఆర్పడం రిపేరు కాదని వాళ్లకు తెలియదనుకోను.

కాయిల్ అనుమానం తీర్చుకోవడానికి కొత్తది కొననక్కర్లేదు. రెండో సిలిండర్‌లో మిస్ ఫైర్ అని పీ0302 వస్తే, ఆ కాయిల్‌ని మూడో సిలిండర్‌కి మార్చి నడపాలి. కోడ్ పీ0303గా మారితే కాయిలే దోషి. మారకపోతే ప్లగ్గో, ఇంజెక్టరో, కంప్రెషనో చూడాలి. మా బండిలో ఒక్క సిలిండర్ కూడా నికరంగా దొరకలేదు. అన్ని సిలిండర్లకూ ఒకే జబ్బు ఉందంటే, అన్నిటికీ ఉమ్మడిగా వెళ్లే గాలినో పెట్రోలునో ముందు అనుమానించాలి. విడివిడిగా ఉండే కాయిల్స్ అన్నీ ఒకేసారి పాడవడం అరుదు.

చివరికి వేరే మెకానిక్ దగ్గర తేలింది. ఆయన పానా కూడా పట్టుకోకుండా ముందు స్కానర్‌లో లైవ్ డేటా తెరిచి ఫ్యూయల్ ట్రిమ్ చూశారు. ఇంజిన్ కంప్యూటర్ మామూలు లెక్క కంటే ఎంత శాతం పెట్రోలు ఎక్కువో తక్కువో ఇస్తోందో చెప్పే అంకె అది. సున్నాకి అటూ ఇటూ 5, మహా అయితే 10 శాతం ఉంటే ఫర్వాలేదు. మాది ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ తిరుగుతున్నప్పుడు, ప్లస్ 25 దగ్గరుంది. 2,500 ఆర్పీఎంకి రేజ్ చేస్తే 6కు దిగింది. "ఎక్కడో దొంగగాలి దూరుతోంది" అన్నారు, అంటే సెన్సార్ కొలవని గాలి లీకు గుండా లోపలికి పోతోందని. ఐడిల్‌లో ఇంజిన్ పీల్చే గాలే తక్కువ కాబట్టి చిన్న లీకు కూడా పెద్ద వాటా అవుతుంది, రేజ్ చేసినప్పుడు అదే లీకు లెక్కలోకి రాదు. మా కుదుపులు స్పీడులో మాయమవడానికి కారణం కూడా ఇదే. ట్రిమ్ దీనికి తలకిందులుగా, లోడు పెరిగేకొద్దీ పెరుగుతుంటే మాత్రం ఫ్యూయల్ పంపు, ఫిల్టర్, లేదా గాలి కొలిచే మాఫ్ సెన్సార్ వైపు చూడాలి. మాఫ్ బదులు, ఇన్‌టేక్‌లో గాలి ఒత్తిడిని కొలిచే మ్యాప్ సెన్సార్ ఉన్న బండ్లలో లీకున్నా ట్రిమ్ అంతగా పెరగకపోవచ్చు, ఐడిల్ మాత్రం పైకెక్కి కూర్చుంటుంది.

లీకు ఎక్కడో తెలియడానికి, ఇంజిన్‌లోకి గాలి వెళ్లే దారి అయిన ఇన్‌టేక్‌లోకి పొగ ఊదే పరీక్ష చేశారు. ఇంజిన్ నుంచి ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కి వెళ్లే బ్రీదర్ పైపు అడుగునుంచి పొగ లేచింది. పైపు తీసి తిప్పితే నల్ల ఇన్సులేషన్ టేపు! పగులు చుట్టూ రెండు మూడు చుట్లు చుట్టి, మరకలు తుడిచి, పైకి కనబడకుండా అమర్చారు. ఆ పైపులో నూనె ఆవిరి తిరుగుతుంది, పైగా ఇంజిన్ వేడి. టేపు జిగురు కొన్నాళ్లకే ఊడింది. పైపు మార్చాక ట్రిమ్ 3 శాతంలోపు వచ్చింది, ముల్లు కదలకుండా నిలబడింది.

కొనేటప్పుడు బండిని ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే చూపించమనండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే ఇంకోరోజు వస్తామని చెప్పండి. తాళం తిప్పి ఇంజిన్ స్టార్ట్ చేయకముందు చెక్ ఇంజిన్ లైట్ వెలగాలి, స్టార్టయ్యాక ఆరాలి. అసలు వెలగకపోతే ఎవరో దాని నోరు నొక్కి ఉండొచ్చు. ఖాళీ రోడ్డు చాలదు, ఆగుతూ కదులుతూ పోయే ట్రాఫిక్‌లో నడపండి.

అన్నిటికన్నా ముఖ్యం, కారుకు తగిలించి కోడ్లు చదివే చిన్న ఓబీడీ స్కానర్ పట్టుకెళ్లండి. కోడ్లు లేవని సంబరపడొద్దు. రెడీనెస్ మానిటర్లు, అంటే బండి తనకు తాను చేసుకునే పరీక్షలు పూర్తయ్యాయో లేదో, చూడండి. కోడ్లు చెరిపినా, బ్యాటరీ వైరు పీకినా, పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్, ఆక్సిజన్ సెన్సార్ లాంటి వాటి ఈ స్వీయపరీక్షలు మళ్లీ మొదటికొస్తాయి. అవి పూర్తికావడానికి రకరకాలుగా కొంతకాలం నడపాలి. చాలా బండ్లలో కోడ్లు చెరిపాక ఎన్ని కిలోమీటర్లు నడిచిందో కూడా కనిపిస్తుంది. అక్కడ అతి చిన్న అంకె ఉండి, పరీక్షలన్నీ అసంపూర్తిగా కనబడితే "ఎందుకు చెరిపారు?" అని మొహమాటం లేకుండా అడగండి. బ్యాటరీ కొత్తగా వేశామంటే బిల్లు చూపించమనండి. స్కానర్ పెట్టనివ్వకపోతే అక్కడి నుంచి వచ్చేయండి.

ఇప్పటికే ఈ జబ్బున్న బండి నడుపుతున్నవాళ్లకు ఒక మాట. చెక్ ఇంజిన్ లైట్ నిలకడగా కాకుండా మిణుకుమంటుంటే నడపకండి. మండని పెట్రోలు సైలెన్సర్ వైపు వెళ్లి క్యాటలిటిక్ కన్వర్టర్‌ని కాల్చేస్తుంది. లీకు వెతకడానికి వేడి ఇంజిన్ మీద కార్బ్ క్లీనర్ స్ప్రే కొట్టే చిట్కా కూడా వద్దు, మంట అంటుకోవచ్చు. గ్యారేజీలో పార్టు మార్చాలంటే ముందు ట్రిమ్ అంకెలు ఐడిల్‌లోనూ 2,500 దగ్గరా ఫొటో తీసి ఇమ్మనండి, తీసేసిన పాత పార్టులు వెనక్కి అడిగి తీసుకోండి. మా పాత కాయిల్స్ అన్నీ బాగానే ఉన్నాయని తర్వాత పరీక్షిస్తే తేలింది.